మూడోనాటి మజ్జిగ

గుల్జార్‌బీకి జ్వరం దిగిందని మున్నీ ఫోన్ చేసి చెప్పినప్పుడు సుకన్యకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. చేతిలోని గరిటె గిన్నెలో పెట్టి, స్టవ్ కట్టేసి, ఆ మాట ఇంకోసారి చెప్పమంది.

"పొద్దన్నుంచి ఒళ్లు సల్లగుంది వదినా. లేసి కూచోని రెండిడ్లీలు తినింది. ఇప్పుడేమో మూట గట్టుకోని, బురఖా తొడుక్కోని మంచం మీద కూచ్చుంది. ఇంటికి పోతాదంట."

"డాక్టరమ్మ ఏమంటాంది?"

"పది దినాలు సూదులు పడాల్సిందే అంటాంది. ఇంకా నాలుగు దినాలే గదా అయింది. మా అమ్మ యాడ ఇంటాది? 'జ్వరం దిగినంక మందేందే, పేగులు కాలిపోతాయి. కొండయ్యన్న ఎప్పుడన్నా మూడు దినాలకు మించి ఇచ్చినాడా' అని డాక్టరమ్మకే ఎదురు చెప్తాంది. నువ్వు ఎట్లన్నా జేసి మామను పిల్చకరా వదినా. ఆయప్ప చెప్తే తప్ప ఇనదు."

మున్నీ మామ అంటున్నది సుకన్య తండ్రి కొండయ్యను. జమ్మలమడుగులో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు వాళ్లవి. గుల్జార్‌బీ కొండయ్యను అన్నా అని పిలిచింది కాబట్టి సుకన్యకు ఆమె అత్త అయింది, ఆమె కూతురు మున్నీకి సుకన్య వదిన అయింది. ఆ వరసలు యాభై ఏళ్లుగా అట్లాగే నడుస్తున్నాయి. మున్నీని పులివెందులకు ఇచ్చారు. అందుకే తల్లికి జ్వరం ముదిరి మాట తడబడేసరికి తీసుకెళ్లి అక్కడి ఆసుపత్రిలో చేర్చింది.

సుకన్య మొన్ననే వెళ్లి చూసి వచ్చింది. డాక్టర్ అమూల్య ముప్పై దాటని పిల్ల. హడావిడి లేకుండా కూర్చోబెట్టి చెప్పింది. మూత్రంలో మొదలైన క్రిములు మూత్రపిండం దాకా పాకాయట. మామూలుగా ఇచ్చే మందులు ఏవీ వాటి మీద పనిచేయడం లేదట.

"ఇంక నా దగ్గర మిగిలినవి రెండు మూడు రకాలే ఆంటీ. ఈ మందు సగంలో ఆపి ఇంటికి పోతే మళ్లీ తిరగబెట్టొచ్చు. అప్పుడు క్రిములు వీటికి కూడా లొంగకపోతే ఇవ్వడానికి నా చేతిలో ఏమీ ఉండదు" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల తన రెండు అరచేతులు చూసుకోవడం సుకన్యకు గుర్తుండిపోయింది.

సుకన్య భర్త గుణశేఖర్ బట్టల అంగడికి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి తొంగిచూశాడు. విషయం విని, "మీ నాయన చెప్పిన మాటను మీ నాయనే వాపసు తీసుకోవల్ల. ఇంకెవరు చెప్పినా ఆ యమ్మ ఇనదు" అన్నాడు.

"నాయన నాలుగు దినాల నుంచి పులివెందుల వైపే చూడల్యా. వస్తాడంటావా?"

"రాకపోతే నువ్వు ఊరుకుంటావా? చీర అంచు అర అంగుళం పక్కకు పోయిందని మా మగ్గమాయనకు మూడుసార్లు వాపసిచ్చినదానివి. మీ నాయన ఎంత!"

సుకన్యకు నవ్వు రాలేదు గానీ, ఆ మాటకు కొంచెం ధైర్యం వచ్చింది. పప్పు ఎనిపి, అన్నం వార్చి, ఆయన క్యారియర్ సర్ది, పది గంటలకల్లా జమ్మలమడుగు బస్సెక్కింది.

బస్సు వాళ్లుండే ప్రొద్దుటూరు దాటేదాకా ఆమె తండ్రికి ఏం చెప్పాలో ఆలోచించింది. దాటాక ఆలోచన తనంతట తానే వెనక్కి పోయింది.

కొండయ్య డాక్టరు కాడు. జమ్మలమడుగులో ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరు. సుకన్య చిన్నప్పుడు బడి వదలగానే నేరుగా ఆ ఆసుపత్రికే పరిగెత్తేది. తండ్రి ఎర్రటి మిక్స్చర్‌ను సీసాలో పోసి, బిరడా బిగించి, సీసా ఒంటికి తెల్లకాగితం పట్టీ అంటించేవాడు. అంతకుముందే ఆ పట్టీని మడిచి కత్తెరతో పళ్లు పళ్లుగా కోసేవాడు. ఒక పన్ను ఒక పూట. చదువు రానివాళ్లకు కూడా ఎంత తాగాలో చూస్తే తెలిసిపోయేది. కిరోసిన్ స్టవ్ మీద స్టీలు డబ్బాలో సూదులు మరుగుతూ గలగలలాడుతుండేవి. ఖాళీ అయిన పెన్సిలిన్ సీసాలు సుకన్యవి. మున్నీ, తనూ కలిసి వాటిలో ముగ్గుల రంగులు పోసి వరసగా గూట్లో పేర్చేవాళ్లు. రబ్బరు మూతలు బొమ్మరింట్లో దోసెలయ్యేవి.

పెద్ద డాక్టరు పోయాక ఆసుపత్రి మూతపడింది. కానీ జనం కొండయ్యను వదల్లేదు. పెద్దముడియం వైపు పల్లెల నుంచి మనుషులొచ్చి గుమ్మంలో నిలబడేవాళ్లు. ఆయన సైకిల్‌కు తోలుసంచి తగిలించుకుని పోయేవాడు. వానాకాలం నల్లరేగడి బురద చక్రాలకు ముద్దలు ముద్దలుగా పట్టుకుంటే, సైకిల్‌ను భుజానికెత్తుకుని నడిచి వెళ్లిన రోజులున్నాయి. ఫీజు అడిగేవాడు కాదు. కోతల కాలంలో మాత్రం పచ్చి శనగచెట్లు మోపులు మోపులుగా ఇంటికి వచ్చేవి. వీధిలో పిల్లలంతా అరుగు మీద చేరి కాయలు ఒలుచుకు తినేవాళ్లు.

"కొండయ్యది మంచి చేతివాసి" అనేవాళ్లు. చేయి పడితే జబ్బు పోతుందని అర్థం. నిజంగానే పోయేది. మంచంలో మూలుగుతున్న మనిషి రెండో రోజుకు లేచి కూర్చునేవాడు. మూడో రోజు పొద్దున్నే కొండయ్య వెళ్లి, మంచం పక్కన నిలబడి, కుడిచేయి తిప్పి వేళ్ల వెనకవైపు నుదుటికి ఆనించేవాడు. ఇంటిల్లిపాదీ ఆయన మొహం వైపే చూసేవాళ్లు.

"దిగింది. ఇంక మందు సాలు. ఒళ్లు వేడి చేస్తాది. మజ్జిగ తాగిచ్చండి."

ఆ మాటతో ఇల్లంతా ఊపిరి పీల్చుకునేది. అల్లం, కొత్తిమీర దంచి కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టిన మజ్జిగ. రెండు రోజులు కాఫీ నీళ్లూ, బార్లీ నీళ్లూ తప్ప ఎరగని నాలుకకు ఆ పులుపు ఎట్లా ఉంటుందో సుకన్యకు తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు ఆమెకు పెద్దజ్వరం వస్తే, మూడోరోజు మజ్జిగ గుల్జారత్తే తెచ్చింది. గాజుగ్లాసును కొంగుతో పట్టుకుని, "బిస్మిల్లా అనుకోని తాగు బిడ్డా, మీ దేవుడు ఏమీ అనుకోడులే" అంది. సుకన్య తల్లి కామాక్షమ్మ పక్కనే నిలబడి నవ్వింది. ఆ వీధిలో ఎవరికి జబ్బు చేసినా "ఎట్లుంది?" అని అడిగేవాళ్లు కాదు. "మజ్జిగ అయిందా?" అని అడిగేవాళ్లు. అయిందంటే గండం గడిచినట్టే.

మజ్జిగ తాగాక మిగిలిపోయిన మాత్రలను కొండయ్య వెనక్కి అడిగి తీసుకునేవాడు. "నీకు పని లేదు గదా, ఇంకొకరికి పనికొస్తాయి." కామాక్షమ్మ పాత పోపుల డబ్బా ఒకటి ఇందుకోసమే ఇచ్చేసింది. ఆవాలూ జీలకర్రా ఉండాల్సిన ఏడు గిన్నెల్లో ఎరుపూ నలుపూ గొట్టం మాత్రలు, పచ్చవి, తెల్లవి, సగానికి విరిగినవి. కొనలేనివాళ్లు ఎవరొచ్చినా ఆయన ఆ డబ్బా మూత తీసేవాడు. ఒకరి దగ్గర మిగిలిన నాలుగు మాత్రలు ఇంకొకరికి రెండు రోజుల మందు అయ్యేవి. సుకన్యకు చిన్నప్పుడు అంతకంటే గొప్ప ధర్మం ఉంటుందని తెలియదు. ఇప్పటికీ ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన, మందువాసనలో అడుగున ఇంకా పోని జీలకర్ర వాసన, ఆమె ముక్కుకు తెలుసు.

డిగ్రీలో ఆమె చదివింది సైన్సే. ప్రొద్దుటూరు కాలేజీ లాబ్‌లో గాజుపళ్లెం మీద మందు చుక్క చుట్టూ క్రిములు లేకుండా తేటగా మిగిలిన గుండ్రటి జాగా చూపించి, లెక్చరరు అన్నాడు: మందు చాలీచాలకుండా వాడితే మెత్తటివి చస్తాయి, గట్టివి బతికి పిల్లలు పెడతాయి అని. సుకన్య ఆ వారం ఇంటికి పోయి తండ్రికి ఆ మాట చెప్పింది. ఆయన నవ్వి, "మీ సారును ఒకసారి పెద్దముడియం తీసకరా. సైకిల్ మీద కూచోబెట్టి తిప్పుతా" అన్నాడు. ఆమె కూడా నవ్వేసింది. పెళ్లయి పిల్లలు పుట్టాక వాళ్ల జలుబుకూ, దగ్గుకూ ఆ డబ్బాలోంచే మాత్రలు తెచ్చుకుంది. మూడోరోజు మజ్జిగ చేసింది. తెలిసీ చేసింది. బస్సు కిటికీలోంచి పెన్న ఇసుక కనిపిస్తుండగా ఆ ముక్క ఆమెను బాగా గుచ్చింది.

కొండయ్య అరుగు మీద నాపరాయికి వీపు ఆనించి పేపరు చదువుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. జేబులో పెన్ను లేకుండా ఇప్పటికీ చొక్కా వేసుకోడు.

"గుల్జారమ్మకు జ్వరం దిగిందంట గదా" అన్నాడు, కూతురు చెప్పులు విడవకముందే. "మున్నీ నాగ్గూడా ఫోన్ జేసింది."

"దిగింది నాయనా. అందుకే వచ్చినా. చొక్కా మార్చుకో, పులివెందులకు పోదాం."

"నేనెందుకు? ఆడ డాక్టర్లుండారు."

"డాక్టర్ల మాట ఇనల్యా. నీ మాట ఇంటాది."

ఆయన పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. "ఈ జ్వరానికి రెండుసార్లు మందిచ్చినా మ్మా. రెండుసార్లూ మూడోరోజుకు దిగింది. రెండుసార్లూ వారానికి మల్లా వచ్చింది. మూడోసారికి ఆ యమ్మ నన్నే గుర్తుపట్టల్యా. మాటలు తారుమారు. ఇంక ఏ మొగం పెట్టుకోని పోవల్ల?"

సుకన్య ఆయన పక్కనే కూర్చుని, ఫోన్‌లో ఆసుపత్రి రిపోర్టు ఫోటో తీసి పెద్దది చేసి చూపించింది. వరసగా మందుల పేర్లు. ప్రతి పేరు ముందూ ఒక అక్షరం. ఎస్ అంటే క్రిములు ఆ మందుకు లొంగుతాయని, ఆర్ అంటే లొంగవని చెప్పింది. కొండయ్య కళ్లజోడు సర్దుకుని, వేలితో ఒక్కొక్క పేరూ తాకుతూ చదివాడు.

"ఆంపిసిలిన్. ఆర్." వేలు అక్కడే ఉంచాడు. "డెబ్బై తొమ్మిదిలో పెద్దముడియం పక్కన ఒక పిల్లోనికి మొదటిసారి వేసినా. పొద్దన వేస్తే సాయంత్రానికి లేసి గోలీలాడినాడు... జెంటామైసిన్. ఆర్. ఇదొచ్చినప్పుడు పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిల్చి, కొండయ్యా, దీన్ని బంగారం మాదిరి వాడల్ల అన్యాడు... సిప్రో. ఇదీనా? ఇది నిన్నగాక మొన్న వచ్చిన మాత్ర గదమ్మా!"

"అది వచ్చి ముప్పై ఏండ్లు దాటింది నాయనా."

ఆయన ఇంకా చదివాడు. పద్నాలుగు పేర్లలో పదకొండింటి ముందు ఆర్ ఉంది. ఊళ్లో తన ఈడువాళ్లు ఒక్కొక్కరే పోయారని వింటున్నప్పుడు ఆయన మొహం ఎట్లా ఉంటుందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

"ఇయన్నీ నేను వాడినవే" అన్నాడు.

"నువ్వొక్కడివే వాడినావా? ఆ డాక్టరమ్మే చెప్పింది. డిగ్రీలుండే డాక్టర్లు జలుబుకు రాసిచ్చినవి తక్కువా, జనం అంగట్లోకి పోయి సొంతంగా కొనుక్కున్నవి తక్కువా, కోళ్లకు పెట్టినవి తక్కువా అనింది. నిన్నొక్క మాట అనల్యా."

"అనేది ఆ డాక్టరమ్మ గాదు."

"మరెవరు?"

కొండయ్య పక్క గోడ వైపు చూశాడు. గుల్జార్‌బీ ఇంటికి తాళం వేసి ఉంది.

"కరీముల్లా గుర్తుండాడా నీకు?"

గుల్జార్‌బీ భర్త ఎందుకు గుర్తులేడు? నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్ల కిందట కాలి మీద రాయి జారి పడింది. కొన్నాళ్లకు జ్వరం ముదిరి కర్నూలు తీసుకుపోతే అక్కడే పోయాడు. అప్పుడు సుకన్య చిన్నపిల్లతో అత్తగారింట్లో ఉంది. అంతవరకే తెలుసు.

"మూడు దినాలు సూదేసినా" అన్నాడు కొండయ్య. "పుండు ఆరింది. నొప్పి తగ్గింది. ఇంక సాలు, మజ్జిగ తాగి పనికి పో అని చెప్పింది నేనే. పదైదు దినాలకు కాలు వాచి నల్లబడింది. ఇప్పుడు నేను పోయి, గుల్జారమ్మా, మూడు దినాలు సాలదు, పది దినాలు కావల్ల అంటే, ఆ యమ్మ మొదట అడిగేది ఏంది? మరి ఆయనకెందుకు మూడే ఇచ్చినావు అని. నేనేం చెప్పల్ల?"

తండ్రి పులివెందుల ముఖం చూడనిది డాక్టర్లకు జడిసి కాదని సుకన్యకు అప్పుడు తెలిసింది. ఆయన చేతి మీద చేయి వేద్దామనుకుంది. వేయలేదు. వేస్తే ఆయన అక్కడే కూర్చుండిపోతాడు.

"నువ్వు రాకపోతే ఆ యమ్మ సాయంత్రం బస్సుకు ఇంటికొస్తాది నాయనా. ఇదే గోడ పక్కకు. వారం, పది దినాలకు మల్లా జ్వరమొస్తే గోడ మీంచి నిన్నే పిలుస్తాది. అప్పుడేమిస్తావు?"

కొండయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. లేచి, లోపలికి పోయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కారు. పులివెందుల దగ్గరయ్యేకొద్దీ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, మొదలయ్యాయి. ఒక తోటలో మనిషి వీపుకు డబ్బా తగిలించుకుని చెట్లకు మందు కొడుతున్నాడు. కొండయ్య కిటికీకి మొహం ఆనించి చూసి, "మన టెట్రాసైక్లిన్ను చీనీచెట్లకు గూడా కలిపి కొడతారంట, పేపర్లో చదివినా" అన్నాడు.

వార్డులో గుల్జార్‌బీ మున్నీ చెప్పినట్టే ఉంది. బురఖా తొడుక్కుని, మూట ఒళ్లో పెట్టుకుని, బస్టాండులో బస్సు కోసం కూర్చున్నట్టు మంచం అంచున కూర్చుంది. ఎడమచేతికి గుచ్చి ఉంచిన సూది మీద తెల్ల ప్లాస్టర్ ఒక్కటే ఆమె రోగి అని చెబుతోంది. మున్నీ తలుపు దగ్గర కాపలాగా నిలబడింది.

"వచ్చినావా పెద్దమనిషీ" అంది గుల్జార్‌బీ. "నాలుగు దినాలకు దారి తెలిసిందా? నేను పోయినంక వద్దామనుకున్యావేమో."

"ఆ నోరు జూస్తే నువ్వు ఇప్పుట్లో పోయేటట్టు లేవులే" అన్నాడు కొండయ్య.

"సూడు, సూడు. నా చేయి బట్టి సూడు. మంచుగడ్డ మాదిరి ఉంది. ఈళ్లకు చెప్పు. ఈ సిస్టరమ్మలకు రోజుకు మూడుసార్లు పొడవకపోతే అన్నం అరగదు. కడుపులో ఒకటే మంట. నువ్వు చెప్పినావంటే పోతా. మూడున్నర బస్సుంది."

కొండయ్య దగ్గరికి వెళ్లాడు. కుడిచేయి దానంతటదే తిరిగి, వేళ్ల వెనకవైపు ఆమె నుదుటికి ఆనింది. పక్క మంచాల వాళ్లు కూడా మాటలాపి చూస్తున్నారు. డాక్టర్ అమూల్య అప్పుడే లోపలికి వచ్చి, ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగింది.

"దిగింది" అన్నాడు కొండయ్య.

"ఇన్యారా!" గుల్జార్‌బీ అందరి వైపూ తిరిగింది. "మున్నీ, చెప్పులు యాడ పెట్టినావే?"

తండ్రి ఇంక మాట్లాడడేమో అనుకుంది సుకన్య. ఆయన చేయి వెనక్కి తీసుకుని, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు జేబులో పెన్ను సవరించుకున్నాడు.

"జ్వరం దిగింది గుల్జారమ్మా. జబ్బు పోల్యా. ఇంకా ఆరు దినాలు నువ్వీడనే ఉండల్ల."

"ఏంది?"

"ఆరు దినాలు. డాక్టరమ్మ ఎన్ని సూదులు చెప్తే అన్నీ."

"కాదన్నా, జ్వరం దిగినంక మందు వేడి అని నువ్వే గదా చెప్పింది. నలభై ఏండ్లు అదే మాట చెప్పినావు గదా. వీధి వీధంతా..."

"తప్పు చెప్పినా."

గుల్జార్‌బీ చెవి కొంచెం ముందుకు వంచింది, సరిగ్గా వినపడనట్టు.

"తప్పు చెప్పినా మ్మా. అప్పుట్లో మందులు కొత్త, పురుగులు మెత్తన. మూడు దినాలకే మనిషి లేసి తిరిగేవాడు. నేను నా చేతివాసి అనుకున్యా. మెత్తటివి చచ్చినాయి, మొండివి లోపల్నే ఉండిపోయినాయి. మొండివాటికి పుట్టినవన్నీ మొండివే గదా. ఇప్పుడు నీ ఒంట్లో ఉండేటివి అయ్యే. నా దగ్గరుండే మాత్ర దేనికీ అవి లొంగవు. కాగితంలో రాసింది, నేను చదివినా. ఈ సూది ఒక్కటి లొంగదీస్తాంది. దీన్ని గూడా సగంలో ఆపితే ఇంక నేనేం చేయలేను, ఈ డాక్టరమ్మా ఏం చేయలేదు."

అంత పొడుగు మాట ఆయన ఏ రోగికీ చెప్పి ఉండడు. గుల్జార్‌బీ ఆయన్నే చూస్తోంది. ఆమె కళ్లలో ఏదో లెక్క కుదిరినట్టు సుకన్యకు కనిపించింది. తర్వాతి మాట ఏమిటో సుకన్యకు తెలుసు.

"మున్నీ వాళ్ల అబ్బాకు గూడా మూడు దినాలే గదా వేసినావు."

మున్నీ తలుపు వదిలి మంచం దగ్గరికి వచ్చింది. "అమ్మీ, ఇప్పుడెందుకమ్మా అదంతా."

"నువ్వు గమ్మునుండు. చెప్పన్నా."

"మూడే వేసినా."

"ఇంగ నాలుగు దినాలు వేసుంటే బతికేవాడా?"

"తెల్దు."

"తెల్దా? చెప్పలేకపోతాండావా?"

"తెల్దు గుల్జారమ్మా. బతికేవాడేమో. అయినా పోయేవాడేమో. ఎన్ని రాత్రులు ఆలోచించినా నాకు తెగల్యా. ఆపింది మాత్రం నేనే. పనికి పొమ్మనిందీ నేనే."

వార్డులో ఎవరో దగ్గారు. గుల్జార్‌బీ ఒళ్లోని మూట మీద చేత్తో ముడతలు సవరించింది, ఒకసారి, రెండుసార్లు. ఆమె ఏడుస్తుందని సుకన్య అనుకుంది. ఆమె ఏడవలేదు.

"ఆయన పోయినంక నలభై దినాలు నువ్వు మా గడప తొక్కల్యా" అంది చివరికి. "ఫాతెహాకు వీధంతా వచ్చింది. కామాక్షమ్మొదిన వచ్చి వంటకు నిలబడింది. నువ్వు మాత్రం అరుగు మీద కూచ్చోని గోడ పక్కకు చూస్తాన్యావు. ఈ మనిషి మనసులో ఏందో ఉందని నాకప్పుడే తెలుసు. అడుగుదామనుకున్యా. అడిగితే నువ్వు మందియ్యడం మానుకుంటావేమో, ఈ పల్లెలోళ్లంతా ఏమైపోతారోనని అడగల్యా."

కొండయ్య తలెత్తలేదు.

"అప్పుడు నీకు తెలుసునా, సాలదని?"

"తెల్దు."

"ఇప్పుడు తెలుసు."

"తెలుసు."

"నీకు కోపం రాలేదామ్మీ?" అని మున్నీ అడిగేసింది. ఆమె గొంతులోనే కొంచెం కోపం ఉంది.

"వచ్చింది" అంది గుల్జార్‌బీ. "ఇప్పుడొచ్చింది. కోపమొస్తే ఏం జేయల్ల, మూట దీసుకోని ఇంటికి పోవల్లనా? పోతే యాడికి పోతా, ఈ మనిషి గోడ పక్కకే గదా." మూట కూతురి చేతికిచ్చింది. "అట్ల కింద పెట్టు. బురఖా తీసి మడత పెట్టు, నలిగిపోతాంది. ఆరు దినాలంటే ఆరే దినాలు. ఏడోది అన్యారంటే మాత్రం నేనూరుకోను."

సుకన్య వెళ్లి మంచం మీద ఆమె పక్కన కూర్చుంది. గుల్జార్‌బీ ఒంటి నుంచి చిన్నప్పటి వాసనే వచ్చింది, కొబ్బరినూనె, లవంగం. చిన్నప్పుడు ఆ వాసన దగ్గరకొస్తే జబ్బు పోయినట్టే అనుకునేది. ఇప్పుడు ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. ఆ తర్వాత ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. "అత్తా" అంది.

"నువ్వు ఏడవాకు మే. మీ నాయనను చూడు, ఆ మొగమేంది, పరీక్ష తప్పిన పిల్లోని మాదిరి."

డాక్టర్ అమూల్య దగ్గరికి వచ్చి కొండయ్యకు నమస్కారం పెట్టింది. "పెద్దాయనా, మీరు ముందు రెండుసార్లు ఏం మందు, ఎన్ని రోజులు ఇచ్చారో చెబుతారా? రాసుకుంటాను. ఉపయోగపడుతుంది." కొండయ్య తడుముకోకుండా చెప్పాడు. మందు పేరు, ఎంత, రోజుకెన్నిసార్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. ఒక్క రోజు కూడా ఎక్కువ చేసి చెప్పలేదు. ఆ పిల్ల రాసుకుంటూ ఉంటే, పెద్ద డాక్టరు ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రెండు గంటలకు నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. సీసా మూత తుడిచి, నీళ్లు కలిపి, అడ్డంగా ఊపి, సిరంజిలోకి లాగింది. ఆ పని జరుగుతుండగా కొండయ్య తెలియకుండానే రెండడుగులు ముందుకు వేశాడు. సిరంజిలో గాలిబుడగ పోయిందో లేదో చూడడానికి మెడ సాచాడు. గుల్జార్‌బీ చేయి పట్టుకోవడానికి తన చేయి చాపాడు. యాభై ఏళ్లుగా ఎవరికి సూది వేస్తున్నా ఆయన నిలబడే ఉన్నాడు.

గుల్జార్‌బీ మంచం పక్కనున్న ఇనప స్టూలును కాలితో ఆయన వైపు తోసింది.

"నువ్వు కూచ్చో అన్నా. ఈ ఆరు దినాలు నువ్వు కాంపౌండరువు గాదు. నాకు అన్నవి. ఊరికే కూచ్చో."

ఆయన స్టూలు వైపు చూశాడు, నర్సు వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు.